సర్కారు జమానతు

బ్యాంకు మేనేజరు భారతి గారి ఫోన్ విని రెబెకా షెడ్డు మధ్యలో కొయ్యబారి నిలబడిన చోట పోయిన వారం ఆగాం. ఫోన్లో ఆవిడ చెప్పింది రెండే ముక్కలు. "మీ ఫైలు పైఆఫీసు నుంచి వాపసు వచ్చింది. ఒకసారి రండి, మీ నాన్నగారిని కూడా వెంటబెట్టుకుని రండి."

మూడు నెలల కష్టం ఆ ఫైలు. ములుగు రోడ్డు పక్కన రేకుల షెడ్డులో, ట్రాక్టరుకు తగిలించి దున్నే రోటవేటరు బ్లేడ్లను ఎర్రగా కాల్చి, నూనెలో ముంచి గట్టిపరచడం రెబెకా తండ్రి సుందర్ రావు నలభై ఏళ్లుగా చేస్తున్న పని. ఏ ఎరుపు దగ్గర బ్లేడును కొలిమిలోంచి బయటికి లాగాలో ఆయన కంటికి తెలుసు. చెప్పాలంటే ఆ కన్నే ఆ షెడ్డుకు పెట్టుబడి. ఇప్పుడు ఆ కంటికి పొర కమ్మింది. ఆపరేషనైతే చేయించారు గానీ పాత చూపు మాత్రం రాలేదు. జనవరి ఆఖర్లో పరకాల డీలరు రెండువందల నలభై బ్లేడ్లు వాపసు పంపాడు, దుక్కిలో గడ్డ తగిలితే చాలు వంగిపోతున్నాయని. ఆ రోజు నుంచి సుందర్ రావు కొలిమి ముందు కూర్చోవడం మానేశాడు.

కరెంటు ఫర్నేసు ఒకటి వస్తే ఎవరి కంటితోనూ పని లేదు. లోపల వేడి ఎంతుందో అంకెల్లో కనిపిస్తుంది. ధర పద్దెనిమిది లక్షలు. ఇల్లు తాకట్టు పెట్టనక్కర లేకుండా, ఇంకొకరు జమానతు నిలబడనక్కర లేకుండా, ప్రభుత్వమే పూచీ పడి చిన్న చిన్న కార్ఖానాలకు ఇప్పించే అప్పు ఉందని రెబెకా తెలుసుకుంది. ఇక చెప్పులరిగేలా తిరిగింది. పరకాల డీలరు కూడా మెత్తబడి, ఇదే ఆఖరిసారి అంటూ ఇంకో ఆర్డరు ఇచ్చాడు. జూన్ పదికల్లా సరుకు అందాలి. వానలు పడ్డాక బ్లేడ్లు తెచ్చి ఆయన మాత్రం ఏం చేసుకుంటాడు? ఇది మే నెల మొదటి వారం.

రెబెకా స్కూటీ తీసింది. వెనక సుందర్ రావు కూర్చున్నాడు. ఆదివారం చర్చికి వేసుకునే తెల్ల చొక్కా తొడుక్కుని, అరవయ్యారేళ్ల మనిషి బుద్ధిగా చేతులు ఒళ్లో పెట్టుకుని దారి పొడుగునా ఒక్క మాట మాట్లాడలేదు. ఆయన మామూలుగా అయితే ప్రతి స్పీడు బ్రేకరు దగ్గరా "జర మెల్లగ బిడ్డా" అనే మనిషి. అప్పుడే రెబెకాకు అనుమానం రావాల్సింది. ఫైలు ధ్యాసలో పడి గమనించలేదు.

భారతి గారు ఇద్దరికీ మంచినీళ్లు ఇప్పించి, ఫైలు తెరిచి, అందులోంచి గోధుమరంగు కవరు ఒకటి తీసి బల్ల మీద పెట్టింది.

"ఈ ఇంటి దస్తావేజులు ఎవరిచ్చారు రెబెకా గారూ?"

రెబెకా ఆ కవరు వంక చూసింది. "ఇంటి దస్తావేజులా? మేమేం ఇయ్యలే మేడమ్. మీరే గదా చెప్పింది, ఇల్లు అక్కరలేదని."

"నేనే చెప్పాను. నేను సెలవులో ఉన్న వారంలో ఎవరో తెచ్చి ఇచ్చారు. మా క్లర్కు కొత్తవాడు. ఇస్తున్నారు కదా అని తీసుకుని, ఫైల్లో పెట్టి, కంప్యూటర్లో 'ఇల్లు తాకట్టు' అని ఎక్కించేశాడు. తప్పు మాదీ ఉంది, కాదనను."

పక్క కుర్చీలోంచి దగ్గు వినిపించింది. పొడి దగ్గు. రెబెకా నెమ్మదిగా తల తిప్పింది.

"నేనే ఇచ్చిన," అన్నాడు సుందర్ రావు.

భారతి గారే అందుకుని విడమరిచి చెప్పింది. ఆస్తి తాకట్టు పెట్టే స్తోమత లేని వాళ్ల కోసమే ప్రభుత్వం పూచీ పడుతోంది. ఇల్లు పెట్టారంటే ఇక ఆ పూచీ వర్తించదు. పైఆఫీసు వాళ్లు ఫైలును మామూలు అప్పుల కట్టలోకి నెట్టేశారు. అక్కడికి వెళ్తే ఇంటి విలువ కట్టాలి, వకీలు అభిప్రాయం రావాలి, రెండు నెలలకు తక్కువ కాదు. రేపు ఏదైనా అటూ ఇటూ అయితే ఇల్లు కూడా పోతుంది.

"మీ ఫైలు బాగుంది," అంది భారతి గారు. "ఆర్డరు ఉంది, పన్ను లెక్కలు శుభ్రంగా ఉన్నాయి. అడ్డమల్లా ఈ కవరే. దీన్ని ఇచ్చినవాళ్లే వాపసు తీసుకుంటున్నట్టు, తాకట్టు ఏదీ లేదని రాసి ఇస్తే, నాలుగింటిలోపు మళ్లీ పంపిస్తాను. రేపు పొద్దున పైన కమిటీ కూర్చుంటోంది. ఇది దాటిందంటే మళ్లీ వచ్చే నెలే."

గోడ గడియారం పన్నెండు నలభై చూపిస్తోంది. వచ్చే నెలంటే ఆర్డరు పోయినట్టే. ఆర్డరు పోతే షెడ్డుకు తాళమే.

"రాస్తడు మేడమ్," అంది రెబెకా.

"రాయను," అన్నాడు సుందర్ రావు.

*

బ్యాంకు బయట మెట్ల పక్కన, జనరేటరు గది నీడలో ఒక సిమెంటు గట్టు ఉంది. తండ్రిని అక్కడ కూర్చోబెట్టి, తాను నిలబడే ఉంది రెబెకా. కూర్చుంటే కోపం చల్లారిపోతుందని ఆమె భయం. ముప్పై రెండేళ్లలో తండ్రి మీద గొంతు లేపింది లేదు. ఇవాళ ఆ లెక్క తప్పింది.

"మూడు నెలల సంది తిరుగుతాన బాపూ! గా ఫర్నేసు కోసం నేను ఎవ్వలెవ్వల కాడికి పోయిన్నో నీకు తెల్వదా? ఒక్క మాట నాకు చెప్పేదుండె గదా. దొంగతనంగ ఇచ్చి వస్తవా?"

"దొంగతనంగ కాదు బిడ్డా. నాయనమ్మకు చెప్పే ఇచ్చిన."

ఇక్కడ వాళ్లింటి పద్ధతి ఒకటి చెప్పుకోవాలి. ఆ ఇంట్లో ముఖ్యమైన కాగితం ఏదైనా గడప దాటే ముందు నాయనమ్మ సువార్తమ్మ చేతికి వెళుతుంది. ఎనభై నాలుగేళ్ల ఆ ముసలమ్మ దాన్ని బైబిలు కింద పెట్టి మూడు రోజులు ప్రార్థన చేసి, కవరులో పెట్టి అంటించి, తిరిగి ఇస్తుంది. రెబెకా పదో తరగతి హాల్ టికెట్టు, పెళ్లి శుభలేఖ, భర్త జాన్సన్ రైల్వే ఉద్యోగం దరఖాస్తు అన్నీ అలా వెళ్లినవే. ప్రార్థన చేసి అంటించిన కవరును దారిలో విప్పడం ఆ ఇంట్లో ఎవరూ చేయరు. సుందర్ రావు కూడా విప్పలేదు. అంటించిన కవరును అంటించినట్టే తెచ్చి క్లర్కు చేతిలో పెట్టి, దండం పెట్టి వెళ్లిపోయాడు.

"నా సగం ఒక్కటే పెట్టిన," అన్నాడాయన నేల చూస్తూ. "ఆ ఇల్లు నాకూ మీ చిన్నబాపుకూ ఇద్దరికి గదా. ఆని సగం జోలికి నేను పోలే. తాకట్టు కాగితం మీద నా పేరు కాడ సంతకం పెట్టిన, గంతే."

"సగమో మొత్తమో, అసలు ఎందుకు పెట్టినవ్? అక్కరలేదని చెప్పిన గదా!"

"జమానతు లేని అప్పు ఒక అప్పేనా?" సుందర్ రావు తల ఎత్తాడు. ఈసారి ఆయన గొంతులోనూ వేడి ఉంది. "మనకు ఎవ్వలు లేరా? దిక్కులేనోళ్లమా? సర్కారు జమానతు అంటివి. సర్కారు మనకేమన్న చుట్టమా? ఎగ్గొట్టేటోళ్లు తీసుకునే లోన్లు బిడ్డా అవి. రేపు చర్చి సంఘంల ఎవడన్న అడిగితే నేనేం చెప్పాలె? సుందర్ రావు బిడ్డకు సుందర్ రావే జమానతు నిలబడలే అంటరు."

అన్నాక ఆయన గొంతు దిగిపోయింది. జేబులోంచి చేతిరుమాలు తీసి కళ్లద్దాలు తుడుచుకున్నాడు. తుడిచిన అద్దాన్నే మళ్లీ మళ్లీ తుడుస్తున్నాడు. ఇందులో ఇంకేదో ఉందని రెబెకాకు అర్థమైంది. వెళ్లి పక్కన కూర్చుంది.

"ఏందో చెప్పు బాపూ."

"నువ్వప్పుడు మీ అమ్మ కడుపుల ఉన్నవు," అని మొదలుపెట్టాడు సుందర్ రావు.

తమ్ముడు విన్సెంట్‌కు అప్పుడు ఇరవై ఆరేళ్లు. లేత్ మిషన్ మీద వాడి చేయి పడితే ఇనుము మైనంలా మాట వినేది. సొంతంగా ఒక లేత్ కొనుక్కుని, షెడ్డులో అన్న పక్కనే పెట్టుకుందామని వాడి ఆశ. బ్యాంకు వాళ్లు ఇల్లు అడిగారు. ఇల్లు ఇద్దరి పేరు మీద ఉంది కాబట్టి అన్న సంతకం కావాలి. ఒక సోమవారం పొద్దున ఇద్దరూ కొత్త బట్టలు వేసుకుని బ్యాంకుకు వెళ్లారు. మేనేజరు కాగితం ముందు పెట్టాడు, పెన్ను చేతికిచ్చాడు.

"పెన్ను మూత తీసిన. మల్ల పెట్టిన. లేచి అచ్చిన," అన్నాడు సుందర్ రావు. "మీ అమ్మకు తొమ్మిదో నెల. రేపు వీడు కట్టకపోతే మీరిద్దరు రోడ్డు మీద పడ్తరని భయమైంది. వాడు నా వెనకాల రాలే. ఆ కుర్చీలనే కూసున్నడు. ఆ తెల్లారి నెక్కొండకు పోయిండు. ఇప్పటికీ అక్కడ వేరేటోళ్ల షాపుల జీతానికి చేస్తాండు. మీ తాత సమాధికాడ తప్ప వాని ముఖం చూసింది లేదు, మాట్లాడింది లేదు."

రోడ్డు మీద బస్సు ఒకటి హారన్ కొట్టుకుంటూ వెళ్లింది. రెబెకాకు చిన్నబాపు అంటే ఒక నల్లటి మనిషి, సమాధుల తోటలో గోడవారగా నిలబడే మనిషి. ఎందుకు దూరంగా ఉంటాడో ఇంట్లో ఎవరూ చెప్పలేదు, తనూ అడగలేదు.

"గప్పుడే అనుకున్న బిడ్డా. నా ఇంట్ల ఇంకొకరు బ్యాంకు ముందట ఒంటిగ నిలబడే రోజు రావద్దని. నువ్వు లోను అన్నవు. సర్కారు నిలబడుతది, నువ్వక్కరలేదు అన్నవు. నాకు పానం ఒప్పలే."

రెబెకా కోపం ఎటు పోయిందో ఆమెకే తెలియలేదు. ఆయన చేయి పట్టుకుంది. నలభై ఏళ్ల కొలిమి ఆ అరచేతిని చెక్కలా చేసింది.

"ఇటు చూడు బాపూ. సర్కారు మన అప్పు కడతా అనలే. కట్టుడు మనమే కట్టాలె, ఆఖరి కిస్తు దాక. మనం కట్టకుంటే బ్యాంకు మునగకుంట చూస్త అని బ్యాంకుకు మాటిచ్చింది, గంతే. గది బ్యాంకు భయానికి మందు. మనం ఎగ్గొట్టేటందుకు కాదు."

"మరి మన దగ్గర ఏం చూసి ఇస్తరు?"

"పని చూసి. మేడమ్ మన షెడ్డుకు రెండుసార్లు అచ్చింది. నూనె తొట్టి చూసింది, ఆర్డరు చూసింది, నేను గట్టిపరిచిన బ్లేడును ఆకురాయితోని గీకి చూసింది. నీ ఇల్లెంత అని అడగలే. నీకేం పని అచ్చు అని అడిగింది. నాకు గట్ల అడిగిచ్చుకున్న లోను కావాలె బాపూ. ఇల్లు పెట్టి తెచ్చుకునేది వద్దు."

సుందర్ రావు రుమాలు జేబులో పెట్టుకున్నాడు. అద్దాలు పెట్టుకున్నాడు. పెట్టుకున్నా కళ్లు కనపడుతున్నట్టు లేవు.

"విన్సెంట్‌ను ఎవ్వలు గట్ల అడగలే," అన్నాడు చివరికి. "వానికేం పని అచ్చునని ఆ మేనేజరు అడగలే. నేనూ అడగలే. ఇల్లు, ఇల్లు, ఇల్లు. గంతే. గప్పుడు గిట్లాంటి లోను ఉంటే నా తమ్ముడు నా పక్కన్నే ఉండేటోడు."

ఆ మాటతో ఆయన ఏడ్చాడు. ఏటీఎం కోసం వరుసలో నిలబడ్డ వాళ్లు చూస్తున్నారని కూడా పట్టించుకోలేదు. రెబెకా కొంగు అడ్డం పెట్టలేదు, ఊరుకోమని అనలేదు. కాసేపయ్యాక ఆయనే లేచాడు, తెల్ల చొక్కా సర్దుకున్నాడు.

"పద. ఏం రాయమంటదో రాస్త."

*

సుందర్ రావు ఇరవై ఏళ్లు సంఘానికి కార్యదర్శిగా చేసిన మనిషి. తీర్మానాలు రాసి రాసి ఆయన దస్తూరి ముత్యాల కోవలా ఉంటుంది. తెల్ల కాగితం అందుకుని, పైన "ప్రభువు నామమున వందనములు" అని మొదలుపెట్టాడు. భారతి గారు పెదవి కొరుక్కుని నవ్వు ఆపుకుంది.

"బాపూ, ఇది బ్యాంకుకు," అని గొణిగింది రెబెకా.

"ఉండనీయండి," అంది భారతి గారు. "పైవాళ్లకు కూడా ఒక వందనం అందనీయండి. రోజూ వాళ్లకు తిట్లే అందుతాయి."

ఆయన రాశాడు. ఇంటి దస్తావేజులు తెలియక ఇచ్చానని, వాపసు తీసుకుంటున్నానని, ఈ అప్పుకు తన ఆస్తి ఏదీ తాకట్టు లేదని. అక్కడ పెన్ను ఆగింది. ఆయన పెన్ను మూత వైపు కూడా చూడలేదు. కింద సంతకం పెట్టి, తేదీ వేసి, కాగితాన్ని రెండు చేతులతో భారతి గారి ముందుకు జరిపాడు.

"చిన్న డౌటు మేడమ్," అన్నాడు. "ఇంత జమానతు నిలబడుతాంది గదా సర్కారు, మేం మంచిగ కట్టినమని దానికి ఎవలు చెప్తరు?"

"నేనే చెప్తాను పెద్దాయనా, ప్రతి ఏడూ," అంది ఆవిడ, ఈసారి నవ్వు ఆపుకోకుండానే.

రెబెకాకు ఒళ్లంతా తేలికయింది. ఒంటిగంటన్నర కూడా కాలేదు. మనసులో అప్పుడే షెడ్డులో పాత కొలిమి పక్కన జాగా ఊడ్చేసింది, కరెంటోడికి ఫోన్ కూడా చేసేసింది. మనిషి ఆశ అలాంటిది, సగం దారిలోనే ఇల్లు చేరిపోతుంది.

భారతి గారు గోధుమరంగు కవరు విప్పి, లోపలి కాగితాలతో ఉత్తరాన్ని పోల్చి చూసుకుంటోంది. ఒక చోట ఆగింది. మళ్లీ వెనక్కి తిప్పింది.

"ఇచ్చిన వాళ్లు ఇద్దరు కదా," అంది. "రెండో ఆయన కూడా వచ్చి సంతకం పెట్టాలి."

"ఇద్దరు కాదు మేడమ్," అన్నాడు సుందర్ రావు. "నేనొక్కణ్నే."

ఆవిడ కాగితాన్ని ఇటు తిప్పింది. సుందర్ రావు ముత్యాల దస్తూరి కింద ఇంకో సంతకం ఉంది. వంకరటింకరగా, పెన్ను గట్టిగా అదిమి పెట్టిన సంతకం. ఎం. విన్సెంట్. పక్కన తేదీ కూడా ఉంది. నాయనమ్మ దగ్గర కవరు ఉన్న మూడు రోజుల్లో రెండో రోజుది.

రెబెకా వెంటనే ఇంటికి ఫోన్ కలిపింది. రెండు రింగులకే సువార్తమ్మ ఎత్తింది.

"నాయనమ్మా, ఇంటి కాగితాల మీద చిన్నబాపు సంతకం ఎట్లచ్చింది?"

"ఎట్లేంది? రైలెక్కి నెక్కొండ పోయి పెట్టిచ్చుకచ్చిన." ముసలమ్మ గొంతులో బెరుకన్నది లేదు. "బిడ్డ లోను అని చెప్పిన. చదవలే కూడ, పెట్టిండు. ప్రార్థన అంటే మోకాళ్ల మీదనే చేస్తరా? నంబరు కావాల్నా? రాసుకో."

అంకెలన్నీ వరుసగా చెప్పేసింది. రెబెకా ఆ నంబరు కొట్టి, ఫోన్ తండ్రి చేతికిచ్చింది. తనే మాట్లాడొచ్చు. కానీ ఈ మాట తను అడిగేది కాదని ఆమెకు తెలుసు. సుందర్ రావు ఫోన్ అందుకోవడానికి కొంచెం సమయం పట్టింది. అవతల లేత్ తిరుగుతున్న చప్పుడు, దాని మీదుగా ఒక బొంగురు గొంతు.

"ఎవలు?"

"విన్సెంట్... నేనురా. అన్నను."

లేత్ ఆగిపోయింది. ఆ నిశ్శబ్దం పక్క కుర్చీలో ఉన్న రెబెకాకు కూడా వినిపించింది. తర్వాత సుందర్ రావు తడబడుతూ సంగతంతా చెప్పాడు. పెట్టిన సంతకాన్ని వెనక్కి తీసుకోవాలని, నాలుగింటిలోపు రావాలని, బిడ్డ బతుకు దీని మీదే ఉందని. ముప్పై రెండేళ్ల తర్వాత తమ్ముణ్ని ఆయన అడుగుతున్న మొదటి మాట అదే.

"వస్త," అన్నాడు విన్సెంట్. "బండి తీస్తాన. మూడింటికల్ల అక్కడుంట. బిడ్డ పని ఆగదు, ఫికర్ పడకు."

రెబెకా కళ్లు మూసుకుని దేవునికి వందనం చెప్పుకుంది.

"కానీ అన్నా," అంది ఆ గొంతు. "గప్పుడు నువ్వెందుకు సంతకం పెట్టలేదో నాకు తెలుసు. ఇన్నేండ్ల సంది తెలుసు. ఇయ్యాల నువ్వు నీ నోటితోని రెబెకా ముందట చెప్పాలె. చెప్పినంకనే నేను పెన్ను పట్టుకుంట."

ఫోన్ ఆగిపోయింది. సుందర్ రావు దాన్ని బల్ల మీద పెట్టాడు. మొహంలో నెత్తురు చుక్క లేదు.

"చెప్పినవు గదా బాపూ," అంది రెబెకా అయోమయంగా. "అమ్మకు తొమ్మిదో నెల, భయమైందని. గదే చిన్నబాపుకు కూడ చెప్పు. గందుల ఏమున్నది?"

సుందర్ రావు కూతురి వైపు తిరిగాడు.

"అది కాదు బిడ్డా," అన్నాడు. "నీకు చెప్పింది అబద్ధం."